రెండేళ్లుగా వాడుతున్న డ్యూరమ్ పాస్తా: రొయ్యలతో, క్రీమ్ లేకుండా

గట్టి గోధుమ రవ్వతో చేసే ఈ డ్యూరమ్ పాస్తాలో నాకు అన్నిటికన్నా నచ్చింది దాని గంజి, అంటే అది ఉడికిన నీళ్లు. ఆకారాలు, ఉడికే సమయం ప్యాకెట్టు మీదే ఉంటాయి కాబట్టి వాటి జోలికి పోను. అన్నం వార్చిన గంజి విలువ తెలిసిన మన నెల్లూరు ఇళ్లల్లో కూడా పాస్తా నీళ్లు సింకులో పారబోసి, చిక్కదనం కోసం 100 మిల్లీలీటర్ల క్రీమ్ గుమ్మరిస్తున్నారు. మామూలుగా దొరికే ఫ్రెష్ క్రీము అంత పోస్తే 25 గ్రాముల కొవ్వు. గంజిలో కొవ్వు లేనట్టే, పని మాత్రం అదే చేస్తుంది. అందులోని పిండిపదార్థం నూనెనీ టమోటా రసాన్నీ విడిపోకుండా పట్టి ఉంచుతుంది. పాలు పోస్తే టమోటా పులుపుకి విరుగుతాయి, గంజికి ఆ భయం లేదు.

100 గ్రాములకి లీటరు నీళ్లు అనే లెక్క ఇక్కడ పనికిరాదు, గంజి పల్చబడిపోతుంది. ఇద్దరికి 160 గ్రాముల పాస్తా, లీటరు నీళ్లు చాలు. నీళ్లు తక్కువ కాబట్టి వేసిన మొదటి రెండు నిమిషాలు గరిటె ఆపకూడదు, ఆపితే అడుగంటి ఉండ కడుతుంది.

ఆ నీళ్లు కూడా ఉత్త నీళ్లు కాకపోతే ఇంకా మేలు. అరకిలో 50 కౌంటు (కిలోకి 50 తూగే) వెనామి రకం చెరువు రొయ్యలు వలిస్తే పావుకిలో పైచిలుకు కండ వస్తుంది. తలలు, పొట్టు కడిగి ఆ లీటరు నీళ్లలో వేసి పది నిమిషాలు మరిగించి, నురుగు తీసి, వడగట్టి, అందులో పాస్తా ఉడికించండి. కొవ్వు తగ్గించినప్పుడు పోయే కమ్మదనం చాలావరకు ఇక్కడి నుంచే తిరిగొస్తుంది. నేను ఇంత రుచి వస్తుందనుకోలేదు. తలలు నల్లబడి ఉంటే మాత్రం వాటిని పక్కన పెట్టి పొట్టు ఒక్కటే వాడాలి, లేకపోతే చేదు దిగుతుంది. పొట్టు తీసి అమ్మే గడ్డకట్టిన ప్యాకెట్లతో ఈ లాభం లేదు. పైగా అవి బాండ్లీలో నీరు వదిలి వేగకుండా ఉడుకుతాయి.

ఇదే గంజి ఒక రాత్రి వంటంతా చెడగొట్టింది కూడా. అలవాటు కొద్దీ లీటరుకి 10 గ్రాముల లెక్కన ఉప్పు పడింది. పొట్టు మరిగేటప్పుడు, పాస్తా ఉడికేటప్పుడు నీళ్లు ఇగిరి ఉప్పదనం పెరిగింది. రొయ్యలకి పట్టించిన ఉప్పు వేరే. చివర్లో రెండు గరిటెల గంజి పోసి దగ్గరపడనిచ్చేసరికి నోట్లో పెట్టలేకపోయాం. నీళ్లు పోస్తే చిక్కదనం పోయింది, నిమ్మరసం పిండినా కప్పలేదు. ఇప్పుడు గిన్నెడు నీళ్లకి తలకొట్టిన ఒక చెంచా ఉప్పే. రొయ్యలకి పసుపు, మిరియాల పొడి తప్ప ఉప్పు తగలనివ్వను. గంజి చప్పటి చారులా ఉంటే సరైన కొలత.

మిగతాది పదినిమిషాల పని. రొయ్యల నల్ల నరం తీసి, గుడ్డతో తడి అద్దాలి. బాగా కాగిన బాండ్లీలో ఒక చెంచా నూనె వేసి, పక్కకి నిమిషం చొప్పున వేయించి తీసేయాలి. కొంచెం వంగితే చాలు, గుండ్రంగా చుట్టుకుపోయిందంటే రబ్బరే. ఇంకో చెంచా నూనెలో ఆరు తెల్లగడ్డ రెబ్బలు, రెండు ఎండుమిరపకాయలు, తర్వాత రెండు టమోటాలు మగ్గనివ్వాలి. ప్యాకెట్టు చెప్పిన సమయానికి రెండు నిమిషాల ముందే పాస్తా తీసి, రెండు గరిటెల గంజితో పాటు ఇందులో వేసి పెద్ద మంట మీద ఎగరేస్తూ కలపాలి. పులుసు మెరుస్తూ పాస్తాని అంటుకున్నాక రొయ్యలు వేసి అర నిమిషంలో దించి, గూడూరు నిమ్మకాయ అరచెక్క పిండాలి. మొత్తం కొవ్వు మనిషికి ఏడెనిమిది గ్రాముల లోపే. పాస్తా పిండి పిండే కాబట్టి కేలరీలు మాత్రం తగ్గవు. 80 గ్రాములకే దాదాపు 280.

గంజి విరగదు అన్నాను గానీ, నిలవ కూడా ఉండదు. దించిన పది నిమిషాల్లో తినాలి, చల్లారితే బంకలా బిగుస్తుంది. వేడి నీళ్లు చల్లి తిప్పితే కొంత వదులవుతుంది కానీ రొయ్యలు గట్టిపడతాయి. కారేజీకి పనికిరాదు. పైన డ్యూరమ్ అని పెద్దక్షరాలతో వేసి, వెనక పదార్థాల వరసలో మైదా చేర్చిన ప్యాకెట్లూ ఉన్నాయి. అవి నీళ్లలోనే మెత్తబడి ముద్దవుతాయి. వెనక డ్యూరమ్ గోధుమ సెమోలినా (రవ్వ) ఒక్కటే ఉండాలి.

మేం ఇద్దరమే, పొద్దున తెచ్చిన రొయ్యలు రాత్రికి వండేస్తాం కాబట్టి మాకు కుదిరింది. నలుగురైదుగురుంటే ఒకే బాండ్లీలో రొయ్యలు కిక్కిరిసి నీరు ఊరతాయి, రెండు విడతలుగా వేయించాల్సిందే. అంత ఓపిక లేని రోజు మా ఇంట్లోనూ రొయ్యల ఇగురూ అన్నమే.