నాదస్వరం వినేవారికి ఏ ఫార్మాట్ తగినది? ఎంపీ3, ఏఏసీ, వోర్బిస్, ఫ్లాక్‌లతో చాలాకాలపు అనుభవం

జేబులో పట్టే పాటల ప్లేయరు కొనేవారు సాధారణంగా ఎన్ని జీబీలు, బ్యాటరీ ఎంతసేపు వస్తుంది అని అడుగుతారు. చాలా ఏళ్ళుగా ఇలాంటి ప్లేయర్లు వాడుతున్న నా దృష్టిలో అంతకన్నా ముందు తేల్చుకోవలసిన విషయం మరొకటి ఉంది: ఆ ప్లేయరు ఏయే ఫార్మాట్లను (పాటను ఫైలుగా భద్రపరిచే పద్ధతులను) చదవగలదు, మనం వినే సంగీతం ఆ ఫార్మాట్లలో ఎంతవరకు చెడకుండా నిలుస్తుంది? సీడీల నుంచి తీసిన అసలు ప్రతిని శబ్దంలో ఏదీ వదలకుండా కుదించే ఫ్లాక్‌లో ఇంట్లో భద్రపరచుకొని, ప్లేయరులోకి మాత్రం దాని నుంచి తయారుచేసిన, ఎంపీ3లాగే కొంత శబ్దాన్ని వదిలి కుదించే వోర్బిస్ ప్రతిని సెకనుకు 192 కిలోబిట్ల చొప్పున ఎక్కించుకోవడం నాకు అన్నివిధాలా సరిపోయిన పద్ధతి. ఐపాడ్ సొంత సాఫ్ట్‌వేరుకు వోర్బిస్, ఫ్లాక్ రెండూ పనికిరావు కనుక అది ఉన్నవారు వోర్బిస్ తరహాదే అయిన ఏఏసీని ఎంచుకోవాలి. ఎంపీ3ని పాత కారు స్టీరియోల కోసం మాత్రమే ఉంచుకున్నాను.

ఈ నిర్ణయానికి ముఖ్య కారణం నేను వినే సంగీతం. మాది ఒంగోలు. ఊరి పక్కనే ఉన్న కరవదిలో 1924లో జన్మించి, శ్రీరంగంలో స్థిరపడి, 1998లో సంగీత కళానిధి బిరుదు అందుకున్న షేక్ చినమౌలానా గారి నాదస్వరం నేను అన్నిటికన్నా ఎక్కువగా వినేది. ఫార్మాట్ల బలహీనతలను నాదస్వరం, డోలు కలిసి బయటపెట్టినంత స్పష్టంగా మరే మేళమూ బయటపెట్టలేదని నా అనుభవం.

సీడీలో శబ్దం సెకనుకు 1,411 కిలోబిట్ల చొప్పున ఉంటుంది. 128 కిలోబిట్ల ఎంపీ3 అంటే అందులో పదకొండో వంతు. చెవికి వినబడవని లెక్కగట్టిన అంశాలను వదిలివేసి, మిగిలినవాటిని ఉజ్జాయింపుగా భద్రపరచడం ఈ ఫార్మాట్ పనిచేసే తీరు. గాత్రం ప్రధానంగా సాగే పాటల్లో ఈ లెక్క చాలావరకు ఫలిస్తుంది. నెల్లూరు జిల్లాలో పుట్టిన బాలు గారి పాత సినిమా పాటలు 192 కిలోబిట్ల ఎంపీ3లో విన్నా నాకు లోటు కనిపించలేదు. డోలు విషయం వేరు. కుడిచేతి వేళ్ళ తొడుగులతోనూ ఎడమచేతి పుల్లతోనూ వాయించే ఆ వాద్యంలో ప్రతి దెబ్బా నిశ్శబ్దంలోంచి ఒక్కసారిగా లేస్తుంది. ఎంపీ3 శబ్దాన్ని చిన్న చిన్న ముక్కలుగా తీసుకొని లెక్క కడుతుంది కనుక, దెబ్బ వల్ల వచ్చిన ఉజ్జాయింపు దోషం ఆ ముక్క అంతటా పరచుకొని, దెబ్బ కన్నా ముందే సన్నని గరగరగా వినిపిస్తుంది. ఇలాంటి చోట్ల ముక్కలను ఇంకా చిన్నవి చేసే ఏర్పాటు ఎంపీ3లో ఉన్నప్పటికీ, తక్కువ బిట్‌రేటులో (సెకనుకు వాడే బిట్ల సంఖ్యలో) దానికి కావలసినన్ని బిట్లు మిగలవు. ఫలితంగా డోలు ఒంటరిగా మోగే తనియావర్తనంలో చురుకుగా పడవలసిన దెబ్బలు మెత్తబడిపోతాయి.

128 కిలోబిట్ల ఎంపీ3 తయారుచేసే సాఫ్ట్‌వేర్లు చాలావరకు 16 కిలోహెర్ట్జ్‌కు పైనున్న ధ్వనులను కోసివేస్తాయని చాలామంది బాధపడుతుంటారు. వయసు పైబడిన చెవికి ఆ భాగం ఎలాగూ అంతగా అందదు కనుక దాన్ని నేను పెద్ద నష్టంగా భావించను. నాదస్వరం దీర్ఘంగా నిలిపిన స్వరం మీద ఇసుక రాలినట్టు పడే ఆ చిన్న గరుకుదనమే అసలు నష్టం.

వినికిడి మీద మనసు ప్రభావం చాలా ఉంటుంది కనుక నా అభిప్రాయాన్ని నేనే పరీక్షించుకున్నాను. ఫూబార్2000 అనే ఉచిత సాఫ్ట్‌వేరులో, ఏ ఫైలు మోగుతున్నదో తెలియకుండా రెండింటిని పోల్చే సౌకర్యం ఉంది. రెండు ఫైళ్ళ శబ్ద స్థాయి సమానంగా ఉండేటట్టు చూసుకోవడం ఇందులో తప్పనిసరి. కొంచెం బిగ్గరగా ఉన్నదే మేలైనదిగా తోస్తుంది. రాత్రివేళ ఫ్యాను ఆపి, మంచి ఇయర్‌ఫోన్లు పెట్టుకొని విన్నప్పుడు 128 కిలోబిట్ల ఎంపీ3ని డోలు వచ్చిన ప్రతిచోటా గుర్తుపట్టగలిగాను. 192 కిలోబిట్ల వోర్బిస్‌కూ ఫ్లాక్‌కూ తేడా చెప్పలేకపోయాను. నాకన్నా చిన్న వయసు చెవులున్న మా మేనల్లుడు కూడా చెప్పలేకపోయాడు.

ఇక ఒంగోలు నుంచి నెల్లూరు వెళ్ళే రైలులో కిటికీలు తెరిచి ఉండగా, సింగరాయకొండ దాటి బండి వేగం అందుకున్న తరువాత ఈ తేడాలేవీ నిలవవు. అక్కడ చెవి రంధ్రాన్ని పూర్తిగా మూసే రబ్బరు మొనల ఇయర్‌ఫోన్లు ఇచ్చిన ప్రయోజనం ఏ ఫార్మాటూ ఇవ్వలేదు. ఖర్చు పెట్టదలచినవారు ముందు వాటి మీద పెట్టాలి. బ్లూటూత్ ఇయర్‌ఫోన్లు వాడేవారు మరొకటి గమనించాలి: సర్వసాధారణంగా ఉండే ఎస్‌బీసీ పద్ధతిలో ప్లేయరు ఏ ఫైలునైనా మళ్ళీ కుదించే పంపుతుంది కనుక, జేబులో ఫ్లాక్ ఉన్నా చెవికి చేరేది ఫ్లాక్ కాదు.

కచేరీలు వినేవారికి ధ్వని నాణ్యత కన్నా ఎక్కువ చికాకు కలిగించేది పాటకూ పాటకూ మధ్య పడే ఖాళీ. సీడీల మీద రాగాలాపనను ఒక ట్రాకుగా, కృతిని మరో ట్రాకుగా విడదీస్తారు. విద్వాంసుడు మాత్రం ఆగడు. ఎంపీ3 తయారీలో ఫైలు మొదట్లోనూ చివరా కొంత నిశ్శబ్దం చేరుతుంది. లేమ్ అనే సాఫ్ట్‌వేరు ఆ నిశ్శబ్దం ఎంతో ఫైలులోనే రాసిపెడుతుంది కానీ, దాన్ని చదివి తొలగించే తెలివి ప్లేయరుకు ఉండాలి. లేకపోతే ఆలాపన ముగింపు షడ్జం మీద ఒక గతుకు పడుతుంది. వోర్బిస్, ఫ్లాక్ ఫైళ్ళలో అసలు నిడివి కచ్చితంగా నమోదై ఉంటుంది. నా సాన్సా క్లిప్ ప్లస్ ప్లేయరులో రాక్‌బాక్స్ అనే స్వేచ్ఛా సాఫ్ట్‌వేరు వేసుకున్న తరువాత కచేరీ అతుకు లేకుండా సాగుతున్నది.

స్థలం లెక్క ఇలా ఉంటుంది. గంట కచేరీ సీడీ నుంచి యథాతథంగా తీస్తే 635 ఎంబీ వరకు వస్తుంది. ఫ్లాక్‌లో సుమారుగా అందులో సగం నుంచి మూడింట రెండు వంతుల దాకా. 192 కిలోబిట్లలో 86 ఎంబీ. నిండుగా, బిగ్గరగా మోగే నాదస్వర మేళం ఒంటరి వీణ కన్నా ఫ్లాక్‌లో తక్కువగా కుదించుకుంటుంది. 24 బిట్లు, 96 కిలోహెర్ట్జ్ అని అమ్మే ఫైళ్ళు కుదించకుండా ఉంచితే సీడీ కన్నా మూడు రెట్లకు పైగా స్థలం తీసుకుంటాయి. రికార్డింగు చేసేవారికి అవి అవసరం కావచ్చు. వినడానికి అతి సన్నని, అతి బిగ్గర శబ్దాల మధ్య 16 బిట్లు ఇచ్చే 96 డెసిబెళ్ళ వ్యాప్తి చాలు; పాత క్యాసెట్ల నుంచి ఎక్కించుకున్న సంగీతానికి అది కూడా ఎక్కువే.

పేర్లను తెలుగులో రాసుకోవాలనుకునేవారికి కూడా ఫ్లాక్, వోర్బిస్ అనుకూలమైనవి. వీటిలో పాట వివరాలు మొదటి నుంచీ యూనికోడ్‌లోనే ఉంటాయి. ఎంపీ3లోని తొలి పద్ధతి శీర్షికకు 30 అక్షరాల చోటు మాత్రమే ఇచ్చింది, అది కూడా తెలుగు లిపికి పనికివచ్చేది కాదు. అయితే చిన్న ప్లేయర్లలో చాలావాటి తెర మీద ఒత్తులు, గుణింతాలు విడివిడిగా పడతాయి కనుక, ఫైలు లోపల తెలుగు ఉంచి, ఫోల్డరు పేరు మాత్రం ఇంగ్లిషు అక్షరాల్లో పెట్టుకుంటున్నాను.

320 కిలోబిట్లు అని రాసి ఉన్న ప్రతి ఫైలునూ నమ్మవద్దు. 128 ఫైలును 320గా మార్చినా, ఫ్లాక్‌గా మార్చినా పోయిన శబ్దం తిరిగి రాదు. శబ్దాన్ని బొమ్మగా గీసి చూపే స్పెక్ అనే సాఫ్ట్‌వేరులో అలా మార్చిన ఫైలును తెరిస్తే 16 కిలోహెర్ట్జ్ దగ్గర గోడ కట్టినట్టు బొమ్మ ఆగిపోతుంది. అలాంటి ఫైలు అనుమానించదగినదే. 2012లో ఓపస్ ఫార్మాట్ వచ్చిన తరువాత, 128 కిలోబిట్లలోనే డోలు ఎంత శుభ్రంగా పలుకుతుందో చూడాలని నా కచేరీలను అందులోకి మార్చి విన్నాను. సీడీల్లో కొన్ని అప్పటికే గీతలు పడి చదవడం మానేశాయి. ఫ్లాక్ ప్రతులు ఉన్నందువల్ల మాత్రమే ఆ పని సాధ్యమైంది.