బుష్ ప్రెస్ సెట్టు: లోయర్ ఆర్మ్ బుష్‌లు ఇంటి దగ్గరే మార్చుకున్నాక నా అభిప్రాయం

1,10,000 కిలోమీటర్లు తిరిగిన మా చిన్న కారులో కొన్ని నెలలుగా స్పీడ్ బ్రేకర్ దిగిన ప్రతిసారీ ముందు ఎడమ చక్రం దగ్గర టక్కుమని శబ్దం వచ్చేది, బ్రేకు వేస్తే స్టీరింగు ఒక పక్కకు లాగేది. కారును జాకీతో ఎత్తి, స్టాండ్ల మీద నిలిపి, పొడవాటి రాడ్డుతో లోయర్ ఆర్మ్‌ను (చక్రాన్ని కారు చట్రానికి కలిపే కింది ఇనుప చేతిని) కదిపి చూస్తే, దాని వెనక బుష్‌లో (ఆర్మ్ చట్రానికి కలిసే చోట ఉండే, రబ్బరు నింపిన ఇనుప తొడుగులో) రబ్బరు లోపలి ఇనుప గొట్టాన్ని వదిలేసి, వేలు దూరేంత చీలికగా కనిపించింది. ఆర్మ్‌కు చక్రం వైపు ఉండే కీలు, అంటే బాల్ జాయింటు, గట్టిగానే ఉన్నందువల్ల ఆర్మ్ మొత్తం మార్చడం నాకు సబబుగా తోచలేదు. అందుకే విజయవాడ ఆటోనగర్‌లో 2,600 రూపాయలు పెట్టి, బుష్‌లను నెట్టి తీయడానికీ ఎక్కించడానికీ వాడే బుష్ ప్రెస్ సెట్టు కొన్నాను.

పెట్టెలో మరలు కోసిన రాడ్లు, రకరకాల కొలతల కప్పులు, బేరింగులు ఉన్నాయి. కప్పుల నాణ్యత నిజంగా మెచ్చుకోదగినది. బుష్‌ను నెట్టే కప్పు దాని బయటి ఇనుప తొడుగు అంచు మీదే ఆనాలి, అవతలి పక్క కప్పులోకి ఆ తొడుగు ఇరుక్కోకుండా దిగాలి. నా బుష్ 38 మి.మీ. వ్యాసం కాగా, ఈ రెండు పనులకూ సరిపోయే కప్పులు ఇందులో దొరికాయి. కొనేముందు మీ బుష్‌ను వెర్నియర్‌తో (మందం, వ్యాసం కచ్చితంగా కొలిచే పరికరంతో) కొలుచుకోవడం తప్పనిసరి. రాడ్డు మాత్రం నన్ను నిరాశపరిచింది. తుప్పుతో బిగుసుకుపోయిన మొదటి బుష్‌ను లాగేసరికే, గ్రీజు రాసినా, దాని మరలు అరిగిపోయాయి. చివరికి హ్యాక్సా బ్లేడుతో పాత తొడుగును లోపలి నుంచి, ఆర్మ్‌కు గాటు పడకుండా, నిలువునా కోయవలసి వచ్చింది. ఆ తర్వాత అది సులువుగానే వచ్చింది.

కొత్తది ఎక్కించే ముందు, పాత బుష్ రబ్బరులోని ఖాళీలు ఏ దిక్కుకు ఉండేవో ఆర్మ్ మీద గీసి పెట్టుకున్న గుర్తు చాలా ఉపయోగపడింది. మినరల్ గ్రీజు తగిలితే సహజ రబ్బరు ఉబ్బుతుంది కనుక ఎక్కించడానికి సబ్బునీళ్లే వాడాను.

సెట్టుతో ఇచ్చిన కాగితంలో అసలు చెప్పవలసిన మాట లేదు. రబ్బరు లోపలి గొట్టానికీ బయటి తొడుగుకూ అతుక్కుని ఉంటుంది. చక్రం పైకీ కిందికీ ఆడుతున్నప్పుడు అది జారదు, మెలితిరుగుతుంది. చక్రం గాలిలో వేలాడుతుండగా బుష్‌ను పట్టి ఉంచే బోల్టు బిగిస్తే, కారును కిందికి దించిన క్షణం నుంచే రబ్బరు మెలిపడి ఉండి, తొందరగా చీలిపోతుంది. రెండేళ్ల క్రితం ఒక వర్క్‌షాపులో సరిగ్గా అలాగే బిగించడం నా కళ్లతో చూశాను, అప్పుడు నాకు తెలియక ఊరుకున్నాను. ఈసారి బాల్ జాయింటు కింద జాకీ పెట్టి, ఆ మూల బరువంతా ఆర్మ్ మీద పడేదాకా ఎత్తి, అప్పుడే టార్క్ రెంచితో (ఎంత బలంతో బిగిస్తున్నామో కొలిచే పానాతో) కంపెనీ చెప్పిన కొలతకు బిగించాను.

రబ్బరుకు బదులు పాలీయురేథేన్ (ఒక రకం గట్టి ప్లాస్టిక్) బుష్‌లు తీసుకోమని దుకాణదారు సలహా ఇచ్చాడు. అవి గట్టివే అయినా రోడ్డు అదురును లోపలికి ఎక్కువగా పంపిస్తాయి. ఇంటిల్లిపాదీ ప్రయాణించే కారుకు రబ్బరే మేలని నా నమ్మకం.

రెండు వైపులా మార్చి, చక్రాల అలైన్‌మెంటు (చక్రాల కోణాలు సరిచేయడం) చేయించాక శబ్దం పూర్తిగా పోయింది, బ్రేకు వేస్తే కారు తిన్నగా ఆగుతోంది. సెట్టు కొనవచ్చు, కానీ దానితోపాటు మంచి ఉక్కు రాడ్డు, నట్లు విడిగా తీసుకుని మరీ పని మొదలుపెట్టండి.