తిరుపతిలో 3,200 అద్దం, చిత్తూరులో 150 రిపేరు

తిరుపతిలో బైకు సామాన్లు అమ్మే ఒక షాపులో 3,200 పెట్టి పొడుగు విండ్‌స్క్రీన్, అంటే బండి ముందు గాలిని ఆపే అద్దం, వేయించాను. "ఇది వేసుకుంటే బెంగళూరు దాకా గాలి ముట్టదు సార్" అన్నాడు ఓనరు. చంద్రగిరి దాటి బండి 80 అందుకోగానే హెల్మెట్ వణకడం మొదలైంది. ఛాతీకి గాలి తగలని మాట నిజమే, కానీ ఆ గాలంతా వచ్చి తల మీద పడుతోంది. చెవుల్లో దబదబమని మోత. కళ్ళ ముందు రోడ్డు అదురుతోంది. పాత చిన్న అద్దంతో ఇంత బాధ లేదు. వెనక కూర్చున్న మా బావమరిదికి ఇంకా నరకం. పూతలపట్టు దగ్గర టీకి ఆగితే "నేను బస్సెక్కి వస్తాలే బావా" అన్నాడు, ముఖంలో నవ్వు లేదు.

అక్కడి నుంచే షాపుకి ఫోన్ చేశాను. "మీ హెల్మెట్ మంచిది కాదు సార్, మార్చండి" అంటాడు. వెనక్కి తీసుకోమంటే, స్క్రూలు బిగించాక వాపసు లేదట. ఇంకా పొడుగుది 4,500కి ఉందట!

తప్పు హెల్మెట్‌దో అద్దానిదో తేల్చుకోవడం ఏమంత కష్టం కాదు. ఖాళీ రోడ్డు చూసుకుని, ఫుట్‌రెస్టుల మీద కొంచెం పైకి లేవాలి. తల అద్దం అంచుకు బాగా పైన ఉన్నప్పుడు గాలి జోరుగానే తగిలినా వణుకు ఆగిపోతే, తప్పు అద్దానిదే. నాకు సరిగ్గా అదే జరిగింది. ఇక ఎవడైనా నాకు హెల్మెట్ అమ్మచూస్తే ఊరుకునేది లేదు.

కాణిపాకంలో దర్శనం హాయిగా అయింది. చిత్తూరులో లాడ్జి 1,100, దుప్పట్లు శుభ్రం, ఫ్యాను మాత్రం రాత్రంతా కిర్రుమంది.

ఆ ఊళ్ళోనే ఒక మెకానిక్ దొరికాడు. అద్దం వెనక్కి చెయ్యి పోనిచ్చి చూసి, "కిందనుంచి గాలి పోయేదానికి సందు లేదన్నా, అందుకే పైనుంచి కొడతా ఉండాది" అన్నాడు. అద్దం వెనక గాలి ఒత్తిడి తగ్గిపోతుంది. పై అంచు దాటిన గాలి సుడులు తిరుగుతూ ఆ ఖాళీలోకి దిగుతుంది, మధ్యలో మన తల ఉంటుంది. కిందనుంచి కాస్త గాలి రానిస్తే ఆ లాగుడు తగ్గుతుంది. అతను నాలుగు స్క్రూలూ విప్పి, ఒక్కోదాని కింద వేలెడు మందాన రబ్బరు బుష్ పెట్టి, పొడుగు స్క్రూలు వేశాడు. అద్దం బండికి కొద్దిగా ఎడంగా జరిగింది, కింద సందు ఏర్పడింది. బిగించేటప్పుడు స్పానర్ పక్కన పెట్టి వేళ్ళతోనే తిప్పాడు. ఎక్కువ బిగిస్తే ప్లాస్టిక్ రంధ్రం దగ్గర చీలుతుందట. తర్వాత అద్దాన్ని ఒక గాడి కిందికి దించాడు. అద్దంలోంచి కాకుండా అంచు మీదుగా రోడ్డు కనపడాలి, వాన పడినా రాత్రయినా అదే మేలు. మొత్తం 150 తీసుకున్నాడు. 200 ఇస్తే చిల్లర తిరిగిచ్చాడు.

పలమనేరు రోడ్డు మీద బంగారుపాళ్యం దాకా 80లో పోయినా హెల్మెట్ నిలకడగా ఉంది. భుజాలకు గాలి తగులుతుంది, మోత పూర్తిగా పోదు, దానికి ఇయర్‌ప్లగ్గులే మందు. మొగిలి ఘాట్‌లో లారీల పక్కనుంచి దాటేటప్పుడు పక్కగాలి నెడుతుంది, దానికి ఏ అద్దమూ ఏమీ చేయలేదు, హ్యాండిల్ గట్టిగా పట్టుకోకుండా వదులుగా ఉంచడమే మంచిది.

పలమనేరులో రాగిసంగటి, నాటుకోడి పులుసు ప్లేటు 220. బావమరిది రెండోసారి సంగటి వేయించుకున్నాడు, బస్సు ఊసు ఎత్తలేదు. షాపువాడికి మాత్రం రోజూ ఫోన్ చేస్తున్నాను, నా 3,200 కోసం.