శుక్రవారం మ్యూజియానికి వెళ్ళకండి

గోదావరి ఎక్స్‌ప్రెస్ పొద్దున్నే నాంపల్లిలో దించేసింది. సంక్రాంతికి వారం ముందు హైదరాబాద్ వైపు వచ్చే రైలు కాబట్టి రాజమండ్రిలో బెర్తుల బాధ లేదు. జనమంతా అటు నుంచి ఇటు వస్తుంటే మేం ఇటు నుంచి అటు పోయాం. ఆ తెలివితేటల్ని తిరుగు ప్రయాణంలో వడ్డీతో సహా ఎలా కక్కించారో చివర్లో చెబుతాను.

మేం అంటే నేను, ఎనిమిదో తరగతి చదివే మా అమ్మాయి చిన్ని, రిటైరైన మా బాబాయ్. చార్మినారు, సాలార్‌జంగు, ఫిల్మ్‌సిటీ చిన్ని ఇదివరకే చూసేసింది. అందుకని ఈసారి వెనకాల ఏదో ఒక చిత్రమైన కథ ఉన్న చోట్లే చూద్దామని నేనో చీటీ రాసుకున్నాను. అందులో మొదటిది పబ్లిక్ గార్డెన్స్‌లోని స్టేట్ మ్యూజియం. లాడ్జిలో బ్యాగులు పడేసి, టిఫిన్ కానిచ్చి, హుషారుగా నడుచుకుంటూ వెళ్తే తలుపులకు తాళం. శుక్రవారం సెలవట. చీటీలో రెండోదైన పురానీ హవేలీ నిజాం మ్యూజియానికీ శుక్రవారమే సెలవు. హైదరాబాద్‌లో మ్యూజియాలు చూద్దామనుకునేవాళ్ళు ముందు క్యాలెండర్ చూసుకోండి.

వచ్చాం కదా అని తోటలోనే కాసేపు తిరిగాం. 1963లో జూ పార్కు తెరిచేదాకా పులులు, ఏనుగులు ఉన్నది ఈ తోటలోనేనని చెప్తే చిన్ని నమ్మలేదు. చెట్లు పెద్దవి, నీడ బాగుంది, పొద్దున నడకకు వచ్చేవాళ్ళే ఎక్కువ. పనిగట్టుకుని రావాల్సిన చోటు కాదుగానీ, మ్యూజియానికి వచ్చినవాళ్ళు ఓ అరగంట కూర్చోవచ్చు.

లాడ్జి సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. స్టేషనుకు దగ్గర్లో, సందులో ఉంది. రోజుకు 1,600. గది శుభ్రం, దుప్పట్లు ఉతికినవే. వేడినీళ్ళు మాత్రం ఆరు నుంచి ఎనిమిది వరకే, అవీ మూడో అంతస్తుకు ఎక్కేసరికి గోరువెచ్చన. లిఫ్టు ఏదండీ అంటే "రిపేరుకిచ్చాం సార్" అన్నాడు కౌంటర్లో కుర్రాడు, మిక్సీ ఇచ్చినంత తేలిగ్గా. మోకాళ్ళ నొప్పులున్న బాబాయ్ మూడు రోజులూ ఆ కుర్రాణ్ణి అదోలా చూశాడు. మళ్ళీ వెళ్తే నాంపల్లిలోనే దిగుతాను, ఆ లాడ్జిలో మాత్రం కాదు. నాంపల్లి ఎందుకంటే, మా చీటీలోని మూడు చోట్లు మెట్రో రెడ్ లైన్ మీదే పడ్డాయి. ఆటోలతో బేరాలు చాలావరకు తప్పాయి.

ఉస్మానియా మెడికల్ కాలేజ్ స్టేషన్లో దిగి అఫ్జల్‌గంజ్ వైపు నడిచాం. ఉస్మానియా ఆస్పత్రి ఆవరణలో ఒక చింతచెట్టు ఉంది. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి నగరాన్ని ముంచేసినప్పుడు నూటయాభై మంది దాకా ఈ చెట్టెక్కి ప్రాణాలు దక్కించుకున్నారు. అప్పుడిక్కడ ఆస్పత్రి లేదు, అఫ్జల్ పార్కు అనే తోట. ఆ వరదలో దాదాపు 15,000 మంది పోయారని అంచనా. ఉర్దూ కవి అమ్జద్ హైదరాబాదీ తల్లిని, భార్యను, కూతుర్ని పోగొట్టుకుని తానొక్కడే బయటపడ్డాడు. తర్వాతే విశ్వేశ్వరయ్యను పిలిపించడం, గండిపేట చెరువు కట్టడం.

కథ తెలియకుండా వెళ్తే అక్కడ చూడ్డానికి ఏమీ లేదు, మామూలు చింతచెట్టే. తెలిసి వెళ్తే తల పైకెత్తి ఏ కొమ్మ మీద ఎంతమంది పట్టారో లెక్కేయడం మొదలుపెడతాం. చిన్ని అదే పని చేసింది. బాబాయ్ మాత్రం కొమ్మల్ని వదిలేసి నది ఎటుందో చూశాడు. "ఒరేయ్, నీళ్ళు ఇంతదూరం, ఇంత ఎత్తున వచ్చాయంటే ఊరు మిగిలిందా అసలు" అన్నాడు. ఒక్క మాట: అది ఆస్పత్రి. చెట్టు కింద రోగుల బంధువులు క్యారేజీలు విప్పుకుని తింటుంటారు. నేను ఫోన్ బయటికి తీసి, ఒకావిడ చూసిన చూపుకు మళ్ళీ జేబులో పెట్టేశాను.

మళ్ళీ మెట్రో ఎక్కి మూసారాంబాగ్. ఈ పేరు ఏ రాముడిదో అనుకుంటాం. కాదు, ఫ్రెంచివాడిది. మిషెల్ జోకిమ్ రేమండ్ 1775లో వ్యాపారం కోసం పాండిచ్చేరి వచ్చి, చివరికి రెండో నిజాం దగ్గర సేనాధిపతి అయ్యాడు. అతని కింద పద్నాలుగు వేల సైన్యం ఉండేదంటారు. గన్‌ఫౌండ్రీ అని రోజూ బస్సు కండక్టర్లు అరిచే చోట ఫిరంగులు పోత పోయించింది ఇతనే. జనానికి ఎంత దగ్గరయ్యాడంటే ముస్లింలు మూసా రహీం అన్నారు, హిందువులు మూసా రామ్ అన్నారు. 1798 మార్చి 25న పోయాడు. అదే ఏడాది అక్టోబరులో ఇంగ్లీషువాళ్ళు అతని సైన్యం చేత ఆయుధాలు కింద పెట్టించారు. జనం మాత్రం అతణ్ణి వదల్లేదు. చాలాకాలం ఏటా వర్ధంతికి సమాధి దగ్గర ఉర్సులాగా చేసి దీపాలు పెట్టారు.

సమాధికి దారి కనుక్కోవడం ఓ పరీక్ష. "రేమండ్ టూంబ్" అంటే ఆటోవాళ్ళు ఇద్దరు తల అడ్డంగా ఊపారు. మూడో ఆయనకు బాబాయ్ "కొండమీద నల్లస్తంభం, దొరగారి సమాధి" అని చెప్తే "అరే, పిల్లలు క్రికెట్ ఆడతారు, అదా!" అన్నాడు. అదే. నల్లరాయి స్తంభం ఏడు మీటర్ల ఎత్తు, దాని మీద అతని పేరులోని రెండు ఇంగ్లీషు అక్షరాలు, పక్కన స్తంభాల మంటపం. ఆ మంటపం 2001 వానలకు కూలిపోతే మళ్ళీ నిలబెట్టారు. నీడ లేదు, మంచినీళ్ళు లేవు, కూర్చోడానికి బల్ల లేదు. అయినా మూడు రోజుల్లో నాకు బాగా నచ్చిన చోటు ఇదే. సాయంత్రం నాలుగింటికి వెళ్ళాం. చుట్టూ నగరం పరుచుకుని ఉంది, మంటపం మెట్ల మీద వికెట్లు పెట్టి ఉన్నాయి. బంతి సమాధికి తగిలితే అవుటా అని చిన్ని అడిగింది. "ఫోర్" అన్నాడో పిల్లాడు.

చీకటి పడ్డాక హుస్సేన్‌సాగర్. బుద్ధుడి విగ్రహం అందరూ చూసిందేగానీ, బాబాయ్ పక్కనుంటే వేరు. ఎన్టీఆర్ అమెరికాలో లిబర్టీ విగ్రహం చూసొచ్చి మనకూ ఒకటుండాలని పట్టుబట్టడం, భువనగిరి దగ్గర రాయగిరిలో ఒకే రాతిని ఎన్నుకుని గణపతి స్థపతి చేత చెక్కించడం, మూడొందల టన్నులకు పైబడిన విగ్రహాన్ని ఊళ్ళోకి తేవడం అందరికీ తెలిసిన కథే. 1990 మార్చి 10న బల్లకట్టు ఒరిగి విగ్రహం నీళ్ళలో పడింది, పనివాళ్ళు చనిపోయారు. బాబాయ్ అప్పుడు ఈ ఊళ్ళో చిన్న ఉద్యోగంలో ఉండేవాడు. "పేపర్లో చూసి రూమ్మేట్లమంతా ట్యాంక్‌బండ్ మీదకు పోయాం. ఏముంది చూడ్డానికి? నీళ్ళు. వందలమంది నిలబడి నీళ్ళకేసి చూస్తున్నాం. బఠాణీలవాడికి మాత్రం మంచి బేరం" అన్నాడు. 1992 డిసెంబరు 1న బయటికి తీసి నిలబెట్టేదాకా రెండేళ్ళకు పైగా బుద్ధుడు చెరువు అడుగునే పడుకున్నాడు. లుంబినీ పార్కు నుంచి పడవలో వెళ్ళొచ్చు. దీపాలు వేశాక వెళ్తే ఆ పాదాల దగ్గర నిలబడి పైకి చూడ్డం బాగుంటుంది. చెరువు వాసన సంగతి నేను చెప్పక్కర్లేదు.

శనివారం తాళాలు తీశారు. స్టేట్ మ్యూజియంలో ఈజిప్టు మమ్మీ ఉంది. ఆరో నిజాం అల్లుడు నజీర్ నవాజ్ జంగ్ వెయ్యి పౌండ్లు పోసి కొన్నాడట. ఏడో నిజాం చేతికొస్తే ఆయన దాన్ని మ్యూజియానికి ఇచ్చేశాడు. కట్లు పాడవుతుంటే 2016లో స్కాన్లు తీశారు, ఇప్పుడు ప్రాణవాయువు తగలని అద్దాల పెట్టెలో ఉంచారు. చిన్ని పది నిమిషాలు కదల్లేదు. మిగతా గదులు మేం త్వరత్వరగా తిరిగేశాం, శిల్పాలంటే ఇష్టమున్నవాళ్ళు పూట కేటాయించుకోండి.

పురానీ హవేలీలో ఆరో నిజాం మహబూబ్ అలీఖాన్ బట్టల బీరువా చూడాలి. బీరువా అనడం తప్పు, రెండంతస్తుల హాలు పొడవునా రెండు వైపులా బర్మా టేకు అల్మారాలే. ఒకసారి కట్టిన బట్ట మళ్ళీ కట్టేవాడు కాదంటారు. పై అంతస్తుకు వెళ్ళడానికి చేత్తో తిప్పే చెక్క లిఫ్టు ఉంది. "చూశావట్రా, ఇది రిపేరుకివ్వలేదు" అన్నాడు బాబాయ్. మహబూబ్ అలీఖాన్ పోయాక ఆయన పాత బూటు ముందుభాగంలో ఏడో నిజాంకు దొరికిందే జాకబ్ వజ్రం. 184 కారట్ల పైబడిన ఆ రాయిని పేపర్‌వెయిట్‌గా వాడుకున్నాడు. అది ఇప్పుడు రిజర్వ్ బ్యాంకు దగ్గర ఉంది, ఇక్కడ కనబడదు. కనబడేది ఇంకో కథ: వజ్రాలు పొదిగిన బంగారు టిఫిన్ డబ్బా. 2018 సెప్టెంబరులో దొంగలు వెంటిలేటర్ గుండా దిగి ఎత్తుకుపోయారు, కొద్ది రోజుల్లోనే దొరికారు. ఈలోపు ఒకడు అందులో అన్నం కూడా తిన్నాడని పోలీసులే చెప్పారు. నిజాం అందులో తిన్నాడో లేదోగానీ, వీడు తిన్నాడు.

ఆదివారం గోల్కొండ కోటలో జనం తిరనాళ్ళలా ఉంటే మేం పక్కకు తిరిగి నయాఖిల్లా వెళ్ళాం. గోల్ఫ్ మైదానం పక్కన ఉండే హతియాన్ కా ఝాడ్, అంటే ఏనుగుల చెట్టు కోసం. గేటు దగ్గర పుస్తకంలో పేర్లు రాయించుకుని పంపించారు. ఆఫ్రికా బావోబాబ్ చెట్టు, నాలుగొందల ఏళ్ళ పైబడినదంటారు. మాను చుట్టుకొలత 27 మీటర్ల పైనే. మేం వెళ్ళిన చలికాలంలో ఆకులు చాలావరకు రాలిపోయి ఉంటే అది చెట్టులా లేదు. బూడిదరంగు ఏనుగులు నాలుగైదు ఒకదాన్నొకటి ఆనుకుని నిలబడ్డట్టుంది. ఒక్కొక్కరూ మీటరున్నర పట్టుకున్నా పద్దెనిమిది మంది కావాలని చిన్ని లెక్క తేల్చింది. బెరడు నిండా ప్రేమికుల పేర్లు, అదే బాధ. మాను లోపలి డొల్లలో నలభై మంది దొంగలు దాక్కునేవారని కథ.

ఇక తిరుగు రైలు. వెయిటింగ్ లిస్టు పన్నెండు దగ్గర ఆగి అక్కడే ఉండిపోయింది. ఓ ప్రైవేటు బస్సువాడు మామూలు రేటుకు మూడింతలు అడిగాడు. ఇచ్చాం. పదింటికి అన్న బస్సు పన్నెండున్నరకు కదిలి, పంతంగి టోల్‌గేటు దగ్గర మళ్ళీ నిలబడిపోయింది. కనుచూపు మేర ఎర్రదీపాలే. చిన్ని కిటికీకి తల ఆనించి అడిగింది: "తాతయ్యా, ఆ చెట్టులో నిజంగా నలభై మంది పడతారా? ఈ బస్సులోనే ముప్పై ఆరు సీట్లున్నాయి."

"అందులో దొంగలు పట్టారమ్మా. ఇక్కడ దొంగ బస్సెక్కలేదు, టికెట్లిచ్చి ఇంటికెళ్ళి పడుకున్నాడు" అని బాబాయ్ మఫ్లరు చెవుల మీదికి లాక్కున్నాడు.