ఒత్తు ఊడని సాఫ్ట్‌వేర్: ఇంక్‌స్కేప్‌తో ఐదేళ్ళ పైమాట

‘స్త్రా’ అని కొడితే ‘స్త్రా’ అనే పడాలి. నా కోరిక ఇంతే. ఖమ్మంలో పదకొండేళ్ళ నుంచి డిజైన్ పని చేస్తున్నాను. ఫ్లెక్సీలు, షాపు బోర్డులు, శుభలేఖలు, అప్పుడప్పుడు ఒక పుస్తకం అట్ట. మొదటి ఐదారేళ్ళు ఈ చిన్న కోరిక తీరక ఎన్ని రాత్రులు పోయాయో లెక్క లేదు. కాబట్టి ఇక్కడ ఫీచర్ల పట్టిక వేయను. ఇంక్‌స్కేప్ అనే ఈ డిజైన్ సాఫ్ట్‌వేర్ ఫ్రీ అనీ, ఎంత పెంచినా చెదరని ఎస్‌వీజీ ఫైలుగా సేవ్ అవుతుందనీ అందరికీ తెలుసు. నేను ఇంక్‌స్కేప్‌కి పడిపోయింది ఒకే ఒక్క దానికి. కస్టమర్ వాట్సాప్‌లో పంపిన తెలుగు మ్యాటర్ కాపీ చేసి, వచ్చి ఇందులో పేస్ట్ చేస్తే గుడులు, ఒత్తులు, వట్రసుడులు ఎక్కడివక్కడే కూర్చుంటాయి.

ఇంగ్లీషులో పని చేసే డిజైనర్లకి ఇది చెప్తే నవ్వుతారు. అక్షరం అక్షరంలా కనపడటం కూడా ఒక గొప్పేనా అంటారు. డీటీపీ, అంటే కంప్యూటర్‌లో ప్రింటుకి మ్యాటర్ కూర్చే పని చేసిన తెలుగోళ్ళకి మాత్రం వేరే చెప్పక్కర్లేదు. పాత పద్ధతి ఫాంట్లలో కంప్యూటర్ దృష్టిలో తెలుగు అంటూ ఏమీ ఉండదు, ఇంగ్లీషు అక్షరాల చోట తెలుగు బొమ్మలు పెట్టి ఉంటాయి, ఫాంట్ తీసేస్తే గీతలూ చుక్కలూ డాలర్ గుర్తులే మిగులుతాయి. కస్టమర్ ఫోన్లో ఉండేది యూనికోడ్ తెలుగు, అంటే ప్రతి తెలుగు అక్షరానికీ సొంత నంబరు ఉన్న పద్ధతి. రెండిటికీ పొత్తు కుదరదు. అందుకని అతను పంపిన నాలుగు పేజీల మ్యాటర్ మొత్తం మళ్ళీ కొట్టాలి, లేదంటే కన్వర్టర్‌లో వేసి, అది ఎక్కడెక్కడ మింగేసిందో వెతుక్కోవాలి. ‘క్ష’ దగ్గర, ‘ఋ’ దగ్గర, అరసున్న దగ్గర తప్పకుండా ఏదో ఒకటి పోయేది. మళ్ళీ కొట్టడమంటే మళ్ళీ తప్పులు, మళ్ళీ ప్రూఫు, మళ్ళీ ‘అన్నా, మా తాత పేరులో దీర్ఘం పోయింది’ అని ఫోను.

2020 లాక్‌డౌన్‌లో షాపు మూసి ఇంట్లో కూర్చున్నప్పుడు ఇంక్‌స్కేప్ 1.0 వచ్చింది. ఆ మే నెలలో చేసే పనేమీ లేక వేసుకున్నాను. మొదట కొట్టిన మాట ‘శ్రీరస్తు’. శుభలేఖలు చేసేవాడి చెయ్యి అటే పోతుంది. రామభద్ర ఫాంట్‌లో పెట్టి 200 పాయింట్లకి పెంచి చూశాను. ‘శ’ కింద ఉన్న రావత్తు ఉండాల్సినంతే వంగి ఉంది, ‘స’ కింద తావత్తు సరిగ్గా మధ్యలో వేలాడుతోంది. పక్కనే మా ఆవిడ బియ్యం ఏరుతోంది. పిలిచి చూపించాను. ‘శ్రీరస్తు అని ఉంది, అయితే?’ అంది.

ఫాంట్ల సంగతి కూడా ఇక్కడే చెప్పేస్తాను. రామభద్ర, మండలి, సురవరం లాంటివి అమెరికాలోని తెలుగు సంస్థ సిలికానాంధ్ర వాళ్ళ చొరవతో ఉచితంగా బయటికొచ్చినవి, గూగుల్ ఫాంట్స్‌లో దొరుకుతాయి, డబ్బులు తీసుకుని చేసే పనుల్లోనూ వాడుకోవచ్చు. రామభద్ర లావుగా ఉంటుంది, హెడ్డింగులకి బాగుంటుంది. లోపలి మ్యాటర్‌కి మండలి వాడతాను. ఇంక ఏ ఫాంట్ అయినా సరే, లైన్ల మధ్య దూరం ఇంగ్లీషుకి ఇచ్చినంత ఇస్తే పై లైను ఒత్తు వచ్చి కింది లైను గుడిని గుద్దుకుంటుంది. అక్షరం సైజుకి కనీసం ఒకటిన్నర రెట్లు ఇవ్వండి. ఇది సాఫ్ట్‌వేర్ తప్పు కాదు, మన లిపికి కిందా పైనా కూడా జాగా కావాలి.

ఇప్పుడు అసలు కథ. 2021 చివర్లో ఒక ఓణీల ఫంక్షన్ ఫ్లెక్సీ వచ్చింది. పన్నెండడుగుల వెడల్పు, ఎనిమిదడుగుల ఎత్తు, ఫంక్షన్ హాల్ గేటు ముందు కట్టేది. మధ్యలో అమ్మాయి ఫొటో, పైన ‘నూతన వస్త్రాలంకరణ మహోత్సవం’, కింద వరసగా బంధువుల ఫొటోలు, వాటి కింద పేర్లు. అమ్మాయి మేనమామే ఆర్డర్ ఇచ్చాడు. మ్యాటర్ మొత్తం వాట్సాప్‌లో పంపాడు, నేను పేస్ట్ చేశాను, సర్దాను, గంటన్నరలో పని అయిపోయింది. ఆ స్పీడుకి నాకే గర్వంగా అనిపించింది. పీడీఎఫ్ చేసి, ఫ్లెక్సీ మెషీన్ ఉన్న షాపుకి మెయిల్ పెట్టి, ఇంటికెళ్ళి పడుకున్నాను. షాపు పేరు చెప్పను, ఇప్పటికీ నా ప్రింట్లు అక్కడే వేయిస్తాను.

రాత్రి పదకొండింటికి మేనమామ నేరుగా ఆ షాపుకి ఫోన్ చేశాడట. ముహూర్తం 10:40 కాదు, 11:20 అని. అందులో తప్పేం లేదు. అక్కడి ఆపరేటర్ మంచి ఉద్దేశంతోనే, నన్ను నిద్ర లేపడం ఎందుకని, ఆ పీడీఎఫ్‌ని తన సాఫ్ట్‌వేర్‌లో తెరిచి టైము మార్చేశాడు. పీడీఎఫ్‌గా చూసినంతసేపు ఫాంట్ అందులోనే ఉంటుంది, ఏమీ కాదు. ఎడిట్ చేద్దామని వేరే దాంట్లో తెరిస్తేనే చిక్కు. అతని సిస్టమ్‌లో నా ఫాంట్ లేదు, ఆ పాత వెర్షన్‌కి తెలుగు ఒత్తు ఎలా కట్టాలో తెలియదు. అది తన దగ్గరున్న ఏదో తెలుగు ఫాంట్ పట్టుకొచ్చి, అక్షరాలన్నీ విడివిడిగా పేర్చింది. అతను చూసింది టైము ఒక్కటే. టైము కరెక్టుగానే పడింది.

పొద్దున ఏడింటికి ఫోన్. ‘ఏం తమ్మీ, మా కోడలి ఫంక్షన్‌ని ఇట్ల చేసినవేంది?’ నాకేం అర్థం కాలేదు. ఫొటో పంపమన్నాను. ‘నూతన వస్‌త్‌రాలంకరణ’. అంత లావు రామభద్ర పోయి సన్నటి అక్షరాలొచ్చాయి, ప్రతి పొల్లూ నెత్తి మీద కొమ్ములా నిలబడి ఉంది. ‘శ్‌రీరస్‌తు’ సరేసరి. అమ్మాయి పేరు ఇక్కడ రాయను గానీ అందులో ‘క్ష్మి’ ఉంది, అది మూడు ముక్కలై, ఒక్కో ముక్క ఒక్కో బంధువులా దూరం దూరంగా కూర్చుంది. తొంభై ఆరు చదరపు అడుగుల ఫ్లెక్సీ, చుట్టూ ఐలెట్లు కొట్టి, కట్టెల ఫ్రేముకి బిగించి, గేటు ముందు నిలబెట్టి కూడా అయిపోయింది.

బండేసుకుని షాపుకి పోయాను. షట్టర్ ఇంకా తీయలేదు, వాళ్ళ పక్కనున్న టీ కొట్టాయనతో ఫోన్ చేయించి తెరిపించాను. ఇంటి దగ్గరే టెక్స్ట్ మొత్తం సెలెక్ట్ చేసి, పాత్ మెనూలో ‘ఆబ్జెక్ట్ టు పాత్’ కొట్టి, అంటే మనవాళ్ళు కర్వ్స్ చెయ్యడం అంటారే అదే చేసి, పెన్‌డ్రైవ్‌లో పట్టుకెళ్ళాను. అలా చేస్తే అక్షరం ఇంక అక్షరం కాదు, ఒట్టి బొమ్మ. ఎవడి సిస్టమ్‌లో తెరిచినా మారదు. మళ్ళీ ప్రింటు పడి, కట్టేసరికి తొమ్మిదిన్నర. జనం అప్పుడే టిఫిన్లకి దిగుతున్నారు. రెండో ఫ్లెక్సీ డబ్బులు నేనే పెట్టుకున్నాను. ఆపరేటర్ సగం ఇస్తానన్నాడు, తీసుకోలేదు. ఒక్క క్లిక్కు మర్చిపోయింది నేనే కదా.

అప్పట్నుంచి ప్రతి పనికీ రెండు ఫైళ్ళు. ఒకటి మార్చుకోవడానికి, దాని పేరు చివర ‘టెక్స్ట్’. ఇంకోటి షాపుకి, దాని పేరు చివర ‘కర్వ్స్’. ఇంకో మాట, కర్వ్స్ చేశాక అక్షరాలకి బయట బోర్డర్ గీత ఇస్తే ఒత్తూ అక్షరమూ ఒకదాని మీద ఒకటి ఎక్కిన చోట లోపల కూడా గీత కనిపిస్తుంది. అన్‌గ్రూప్ చేసి, ‘యూనియన్’ కొడితే రెండూ ఒకటై పోతాయి. ఇది తెలియక ఒక స్వీట్ షాపు బోర్డులో ‘పూతరేకులు’ బాగానే వచ్చి ‘నెయ్యి’లో మాత్రం యావత్తు చుట్టూ గీతలొచ్చాయి.

మొదట్లో నేను తెలిసినవాళ్ళందరికీ చెప్పేవాణ్ణి, తెలుగు సరిగ్గా వచ్చేది ఇందులోనే అని. అది పూర్తి నిజం కాదని తర్వాత తెలిసింది. హైదరాబాద్‌లో ఏజెన్సీలో చేసే ఫ్రెండ్ ఒకడు ఇంటికొచ్చినప్పుడు వాడి లాప్‌టాప్‌లో చూపించాడు. అడోబీ వాళ్ళ డిజైన్ సాఫ్ట్‌వేర్ ఇల్లస్ట్రేటర్ ప్రిఫరెన్సెస్‌లో ‘ఇండిక్ ఆప్షన్స్’ టిక్ పెట్టి, పేరాగ్రాఫ్‌కి వరల్డ్ రెడీ కంపోజర్, అంటే ఇలాంటి లిపుల్ని సరిగ్గా కూర్చే సెట్టింగ్, ఎంచుకుంటే అక్కడా ఒత్తులు చక్కగా కూర్చున్నాయి. వాళ్ళదే, పుస్తకాల పేజీలు కట్టే ఇన్‌డిజైన్‌లో కూడా అదే కంపోజర్ ఉంది. నాకు అప్పట్లో ఎవరూ చెప్పలేదు, నేనూ మెనూల్లో వెతకలేదు. కాబట్టి నా మాట కొంచెం దిద్దుకుంటాను. వేరేవాటిలో తెలుగు రాదని కాదు, ఇందులో ఏ టిక్కూ పెట్టకుండానే వస్తుంది.

వంపు మీద రాయడం గురించి కూడా ఒకటి. గుడి ఆర్చి మీద పేరు ఉన్నట్టు టెక్స్ట్‌ని ఇంద్రధనుస్సులా వంచితే ఇంగ్లీషు అక్షరాలు బాగుంటాయి, మన ఒత్తులు కిందకి దిగి ఉంటాయి కాబట్టి కింద ఇరుకై ఒకదాన్నొకటి తోసుకుంటాయి. ‘శ్రీ రామ’కి ఫర్వాలేదు, ‘వేంకటేశ్వరస్వామి’కి మాత్రం ‘శ్వ’ పక్కన ‘ర’, దాని పక్కనే ‘స్వా’ వచ్చేసరికి కింద జాతర. వంపు బాగా తగ్గించడం, లేదా కర్వ్స్ చేసి నోడ్లు, అంటే గీత మీద లాగే చుక్కలు, పట్టుకుని చేత్తో సర్దడం. వేరే దారి నాకు దొరకలేదు.

అయితే నాకు పని తెచ్చిపెట్టింది కూడా ఈ నోడ్లు లాగే అలవాటే. ఒకరోజు ఊరికే కూర్చుని ‘శ్రీ’ని కర్వ్స్ చేసి, ఆ రావత్తు తోకని సాగదీసి మామిడాకు చేశాను, గుడిని వంచి తోరణం చేశాను. డిజైనర్లు తమ పనులు చూపించుకునే సైటు బిహాన్స్‌లో నా పేజీలో పెట్టాను. అంతకుముందు అక్కడ పెట్టినవన్నీ ఎక్కడో చూసి చేసిన ఇంగ్లీషు లోగోలే, ఒక్కరూ పలకరించలేదు. ఈ ‘శ్రీ’ చూసి అమెరికాలో ఉండే ఒక తెలుగాయన తన కొడుకు అక్షరాభ్యాసం కార్డు చేయమన్నాడు. తర్వాత అతని ఫ్రెండు ఇంటి నేమ్‌ప్లేటు అడిగాడు, తర్వాత ఇంకొకరు వాళ్ళ సంక్రాంతి పోస్టరు. ఇన్‌స్పిరేషన్ కోసం రోజూ పింటరెస్ట్ తిప్పే పిల్లలకి నేను చెప్పేది, ఒకసారి పాత ఊళ్ళో నడుస్తూ చేత్తో రాసిన షాపు బోర్డులు ఫొటో తీసుకోండి అని. ‘ష్ట’నీ ‘త్స్య’నీ పెయింటర్లు ఎంత తెలివిగా ఇరికించారో చూడండి. ఆ పనితనం మన దగ్గర తప్ప ఇంకెక్కడా దొరకదు, దానికి డబ్బులిచ్చేవాళ్ళు కూడా ఉన్నారని నాకు ఆలస్యంగా తెలిసింది.

ఇది చదివి ఎవరైనా ఉద్యోగం కోసం ఇంక్‌స్కేప్ ఒక్కటే నేర్చుకుంటానంటే మాత్రం వద్దనే చెప్తాను. నేను చూసిన ప్రకటనల్లో అడిగేవి ఫొటోషాప్, ఇల్లస్ట్రేటర్, కోరల్‌డ్రా. ఇంటర్వ్యూలో ఇంక్‌స్కేప్ అంటే మొహం వేరేగా పెడతారు. సొంత షాపు కాబట్టి నేనేం వాడినా అడిగేవాడు లేడు.

రంగుల బాధ కూడా ఉంది. ఇది స్క్రీన్ రంగుల్లో, అంటే ఆర్‌జీబీలో పని చేస్తుంది. ఫ్లెక్సీకి నాకెప్పుడూ పెద్ద తేడా కనపడలేదు. ఆఫ్‌సెట్‌లో వేసే శుభలేఖకి, పుస్తకం అట్టకి నాలుగు రంగుల సీఎంవైకే ఫైలు కావాలి, అది ఇక్కణ్ణుంచి నేరుగా రాదు. స్క్రీన్ మీద నిగనిగలాడిన కుంకుమ రంగు కార్డు మీదకొచ్చేసరికి ఇటుక రంగైన సందర్భం ఉంది. ఇప్పుడు అలాంటివి స్క్రైబస్ అనే పేజీలు కట్టే సాఫ్ట్‌వేర్‌లోకి తీసుకెళ్ళి పీడీఎఫ్ చేస్తున్నాను, అదీ ఉచితమే, కానీ రెండు చోట్ల పని. శుభలేఖల్లో లోపలి మ్యాటర్‌కి పెద్దవాళ్ళు ‘అను’ అనే పాత పద్ధతి ఫాంట్ల అక్షరాల సొగసే అడుగుతారు, వాళ్ళకి ఇప్పటికీ పాత సిస్టమ్ ఆన్ చేసి పేజ్‌మేకర్ అనే పాత డీటీపీ సాఫ్ట్‌వేర్‌లోనే చేసిస్తాను. ఆ సిస్టమ్ అమ్మేయలేదు, అమ్మను కూడా.

బరువైన ఫైళ్ళతో ఇది నెమ్మదిస్తుంది. ఇరవై మంది బంధువుల ఫొటోలు పెట్టి, అందరికీ వెనక నీడలు ఇస్తే నా ఎనిమిది జీబీ ర్యామ్ మిషన్ ఆయాసపడుతుంది. నీడలు చివర్లో ఇస్తాను, ఆటోసేవ్ ఐదు నిమిషాలకి పెట్టుకున్నాను.

మరి తీసుకోవాలా వద్దా అంటే, తెలుగు ఫ్లెక్సీలు, బోర్డులు, ఫోన్లో పంపుకునే పోస్టర్లు మీ పనిలో ఎక్కువైతే, నెలనెలా చందా కట్టే స్తోమత ఇంకా లేకపోతే, వేసుకుని చూడండి. నేనైతే పుస్తకాల అట్టలు నెలకి మూడు నాలుగు వస్తే వేరేది కొంటానేమో. ప్రస్తుతానికి నెలకి ఒకటి రావడమే గగనంగా ఉంది.