ఆదికాండం, ప్రకృతి విజ్ఞాన చరిత్ర: ఒక ఆన్‌లైన్ కోర్సు సమీక్ష

ఆదికాండంలోని సృష్టి కథనాన్ని ప్రకృతి విజ్ఞాన చరిత్ర పక్కన పెట్టి చదివించే ఈ వీడియో పాఠాల కోర్సును చివరిదాకా విన్నాక ఈ సమీక్ష రాస్తున్నాను. ఈ అంశం మీద దొరికే పాఠాల్లో చాలా భాగం బైబిలును కాపాడడం కోసం సైన్సును వంచేవో, సైన్సును గెలిపించడం కోసం బైబిలును చులకన చేసేవో అయి ఉంటాయి. ఈ కోర్సు ఆ రెండు దారుల్లోనూ నడవలేదు. సృష్టి కథనాన్ని భక్తితో చదివినవారు శతాబ్దాలుగా ఏమేమి అడిగారు, ప్రకృతిని పరిశీలించినవారు ఏమేమి కనుగొన్నారు, ఈ రెండు పనులను ఒకే మనిషి చేసినప్పుడు అతని ఆలోచన ఎటు సాగింది అన్నదే ఇందులోని విషయం.

కోర్సులోని అత్యుత్తమ నిర్ణయం ప్రారంభంలోనే ఉంది. ఏ శాస్త్రవేత్త పేరూ ఎత్తకముందే అధ్యాపకురాలు మూలపాఠాన్ని నిదానంగా చదివిస్తారు. మొదటి దినాన వెలుగు కలిగింది, మూడవ దినాన చెట్లు మొలిచాయి, సూర్యచంద్రులు మాత్రం నాలుగవ దినాన గాని రాలేదు. అలాంటప్పుడు మొదటి మూడు దినాల అస్తమయానికీ ఉదయానికీ అర్థమేమిటి? ఈ ప్రశ్నను భూగర్భశాస్త్రం పుట్టించలేదు. మూడవ శతాబ్దంలోనే క్రైస్తవ వేదాంతి ఒరిగెన్ దీన్ని అడిగి, ఈ వివరాలను అక్షరార్థంగా తీసుకోకూడదని చెప్పాడు. నాలుగవ శతాబ్దంలో కైసరియకు చెందిన బిషప్ బాసిల్ అందుకు భిన్నంగా, గడ్డి అంటే గడ్డి అనే అర్థమే తీసుకుంటానని తన ప్రసంగాల్లో పట్టుబట్టాడు. రెండవ అధ్యాయంలో మనిషి, మొక్కలు, జంతువులు కనిపించే వరుస మొదటి అధ్యాయపు వరుసతో కలవదన్న సంగతిని కూడా ఈ పాఠం దాచకుండా ముందుంచుతుంది. సైన్సు వచ్చి పాఠాన్ని ఇబ్బంది పెట్టిందనే సాధారణ నమ్మకం ఇక్కడే సడలిపోతుంది.

ప్రాచీన సంఘపు వేదాంతి అగస్టీన్ మీది పాఠం కోసమే ఈ కోర్సులో చేరినా నష్టం లేదు. ఐదవ శతాబ్దపు తొలి సంవత్సరాల్లో ఆయన పన్నెండు సంపుటాలుగా ఆదికాండ వ్యాఖ్యానం రాశాడు. దేవుడు సమస్తాన్ని ఒక్కసారిగా సృజించాడనీ, ఆరు దినాలు మనం లెక్కించే కాలం కాదనీ, అనేక జీవులు బీజరూపంలో నిక్షిప్తమై తరువాత తగిన సమయంలో వెలికి వచ్చాయనీ ఆయన అందులో వాదించాడు. దీన్ని చూసి కొందరు అగస్టీనును పరిణామవాదానికి ఆద్యుడని అంటుంటారు. అధ్యాపకురాలు ఆ పొగడ్తను నిర్మొహమాటంగా తోసిపుచ్చుతారు, ఎందుకంటే ఒక జాతి నుంచి మరొక జాతి పుట్టడం ఆయన ఊహలో లేదు. ఆయన ఇచ్చిన హెచ్చరికే అసలైన విలువ గలది: భూమి గురించీ నక్షత్రాల గురించీ అవిశ్వాసికి కూడా అనుభవంతో తెలిసిన విషయాలుంటాయి, క్రైస్తవుడు లేఖనం పేరు చెప్పి వాటి మీద అర్థంలేని మాటలు మాట్లాడితే, పునరుత్థానం గురించి అదే గ్రంథం చెప్పేదాన్ని ఎవరు నమ్ముతారు? ఈ మాట నేటికీ ప్రతి సంఘంలోనూ చదివి వినిపించదగినదని నా నమ్మకం.

దీని తరువాత వచ్చే, ప్రొటెస్టంట్ సంస్కర్త జాన్ కాల్విన్ మీది పాఠం చిన్నదైనా గట్టిది. మోషే సూర్యచంద్రులను రెండు గొప్ప జ్యోతులన్నాడు. కాని దూరం వల్ల చిన్నదిగా కనిపించే శనిగ్రహం చంద్రుని కంటె పెద్దదని ఖగోళ శాస్త్రజ్ఞులు నిరూపిస్తున్నారని కాల్విన్ 1554 నాటి తన వ్యాఖ్యానంలో అంగీకరించాడు. ఇందువల్ల ఖగోళశాస్త్రాన్ని నిందించలేదు, మోషేనూ తప్పుపట్టలేదు. సామాన్యుని కంటికి కనిపించే రీతిలో మోషే రాశాడని, ఖగోళశాస్త్రం నేర్చుకోదలచినవారు వేరే చోటికి వెళ్లాలని చెప్పాడు. దుర్భిణి ఇంకా రాని కాలంలోనే ఈ సమాధానం సిద్ధంగా ఉన్నదన్న విషయం వినేవారిని ఆలోచింపజేస్తుంది.

భూమి సూర్యుని చుట్టూ తిరుగుతుందన్నందుకు చర్చి విచారించిన గెలీలియో పాఠం తెలిసిన కథే. అయితే 1616 నాటి ఆజ్ఞకూ 1633 నాటి విచారణకూ కేంద్రంగా ఉన్న వాక్యాలు ఆదికాండంలోనివి కావనీ, సూర్యుడు నిలిచిపోయాడనే యెహోషువ గ్రంథంలోనివీ భూమి కదలదనే కీర్తనలలోనివీ అని స్పష్టం చేయడం మెచ్చుకోదగ్గది.

భూమి వయస్సు మీది పాఠాలు ఈ కోర్సుకు ప్రాణం. సృష్టి క్రీ.పూ. 4004లో జరిగిందని 1650లో ప్రకటించిన జేమ్స్ అషర్‌ను ఎగతాళి చేయకుండా పరిచయం చేసిన పాఠం నేను ఇంతకు ముందు వినలేదు. బైబిలు వంశావళులను బబులోను, పారసీక, రోమా రాజుల చరిత్రతో ముడివేసి, తన కాలంలో దొరికిన అత్యుత్తమ ఆధారాలతో లెక్కకట్టిన పండితుడాయన. 1666లో ఒక సొరచేప తలను కోసి చూసిన నికోలస్ స్టెనో, నాలుక రాళ్లని పేరుపడ్డవి నిజానికి సొరచేప పళ్లేనని గుర్తించాడు. కింది పొర ముందు, పై పొర తరువాత ఏర్పడుతుందన్న సూత్రాన్ని 1669లో ప్రచురించాడు. టస్కనీ నేల పొరల చరిత్రలో జలప్రళయానికి ఆ పుస్తకంలోనే చోటిచ్చిన ఆయన, తరువాత బిషప్ కూడా అయ్యాడు. ఫ్రెంచి ప్రకృతి శాస్త్రజ్ఞుడు బుఫాన్ ఇనుప గోళాలను కాల్చి, అవి చల్లారే సమయాన్ని కొలిచి, దాన్నిబట్టి భూమి వయస్సు సుమారు 75,000 సంవత్సరాలని 1778లో చెప్పాడు.

నన్ను అందరికంటె ఎక్కువగా కదిలించినది విలియం బక్‌లాండ్, ఆడమ్ సెడ్జ్‌విక్‌ల ఉదంతం. ఇద్దరూ ఆంగ్లికన్ మతగురువులు, ఒకరు ఆక్స్‌ఫర్డులోనూ మరొకరు కేంబ్రిడ్జిలోనూ భూగర్భశాస్త్రం బోధించినవారు. విశ్వవ్యాప్త జలప్రళయానికి నేలలో సాక్ష్యం ఉందని బక్‌లాండ్ 1823లో ఒక గ్రంథమే రాశాడు. గులకరాళ్ల, ఒండ్రు నిక్షేపాలన్నీ ఒకే కాలానివి కావని తేలినప్పుడు సెడ్జ్‌విక్ 1831లో భూగర్భశాస్త్ర సంఘం అధ్యక్షపీఠం నుంచి తన పూర్వాభిప్రాయాన్ని బహిరంగంగా విరమించుకున్నాడు. 1836 నాటికి బక్‌లాండ్ కూడా ఆ వాదనను వదిలివేశాడు. డార్విన్ గ్రంథం 1859లో గాని రాలేదు. జలప్రళయ భూగర్భశాస్త్రాన్ని విడిచిపెట్టించినది నాస్తికత్వం కాదు, తాము తవ్వి చూసినదానికి కట్టుబడిన విశ్వాసుల నిజాయితీ. ఈ ఒక్క వాస్తవం తెలిస్తే మన చర్చల్లో సగం కోపం తగ్గుతుంది.

సృష్టి కథనాన్నీ సైన్సునూ ఒకదానితో ఒకటి పొందుపరచజూసిన సమన్వయవాదుల గురించి అధ్యాపకురాలు కొంత మెతకగా మాట్లాడారని నాకు అనిపించింది. ఆదికాండపు మొదటి రెండు వాక్యాల మధ్య అపారమైన కాలం గడిచిందని 1814లో థామస్ చామర్స్ ప్రచారం చేశాడు. ఒక్కొక్క దినం ఒక్కొక్క దీర్ఘయుగమని హ్యూ మిల్లర్ 1857లో వెలువడిన గ్రంథంలో వాదించాడు. వారి ఉద్దేశం మంచిదే. కాని ఐదవ దినపు పక్షులు ఆరవ దినపు నేలజంతువుల కంటె ముందు రావాలి, మూడవ దినపు ఫలవృక్షాలు సముద్రజీవుల కంటె ముందు రావాలి. శిలాజాలు చూపే వరుస ఇది కాదు. పైగా ఏ కాలపు సైన్సుతో లేఖనాన్ని ముడిపెడితే, ఆ సైన్సు మారిన రోజున లేఖనం కూడా దానితో పాటు కూలినట్టు కనిపిస్తుంది. భౌతిక శాస్త్రజ్ఞుడు కెల్విన్ 1862లో భూమి వయస్సును 2 కోట్ల నుంచి 40 కోట్ల సంవత్సరాల మధ్య అంచనా వేయగా, 1956లో క్లెయిర్ ప్యాటర్సన్ సీసం ఐసోటోపుల సాయంతో 455 కోట్ల సంవత్సరాలని తేల్చాడు. ఈ మార్పును చూపించి, సమన్వయ పద్ధతిలోని ప్రమాదాన్ని పాఠంలోనే చెప్పి ఉండవలసింది.

ఈ కోర్సులోని పెద్ద లోపం మెసొపొటేమియా సాహిత్యానికి కేటాయించిన సమయం. 1872లో జార్జ్ స్మిత్ మట్టిపలకల మీద జలప్రళయ గాథను గుర్తించాడు, కొద్ది ఏళ్లలోనే బబులోను సృష్టిగాథ కూడా వెలుగులోకి వచ్చింది. ఆ గాథలో మర్దూకు దేవుడు తియామతును చంపి, ఆమె దేహాన్ని రెండుగా చీల్చి ఆకాశాన్ని నిలుపుతాడు. ఆదికాండంలో యుద్ధం లేదు, ప్రత్యర్థి లేడు. ఇరుగుపొరుగు జాతులు దేవతలుగా కొలిచిన సూర్యచంద్రులు ఇక్కడ దేవుడు ఆకాశంలో ఉంచిన జ్యోతులు మాత్రమే. మొదటి శ్రోతలకు ఈ కథనం ఏ ప్రశ్నకు జవాబుగా వినిపించిందో తెలుసుకోవడానికి ఇంతకంటె మంచి దారి లేదు. దానికి ఒక పూర్తి పాఠం కావలసి ఉండగా, మరొక పాఠం చివర కొన్ని నిమిషాలతో సరిపెట్టారు.

ఇరవయ్యవ శతాబ్దం కూడా హడావుడిగా ముగిసింది. బడిలో పరిణామవాదం బోధించినందుకు అమెరికాలో ఒక ఉపాధ్యాయుని మీద జరిగిన 1925 నాటి స్కోప్స్ విచారణలో పరిణామవాదాన్ని వ్యతిరేకించిన విలియం జెన్నింగ్స్ బ్రయన్ సైతం సృష్టి దినాలు 24 గంటలవి కానక్కరలేదని సాక్ష్యమిచ్చాడని చెప్పారు గాని, ఆరు వేల ఏళ్ల భూమి అనే వాదం 1961 తరువాత అంత బలంగా ఎందుకు తిరిగివచ్చిందో వివరించలేదు. నేటి సంఘాల్లో ఎక్కువమంది విన్నది ఆ వాదాన్నే కాబట్టి ఈ మౌనం బాధ కలిగిస్తుంది. లెమైత్ర్ మీది భాగం మాత్రం చక్కగా ఉంది. విశ్వవ్యాకోచ సిద్ధాంతాన్ని 1927లో ప్రతిపాదించిన ఆ కాథలిక్ గురువు, తన సిద్ధాంతాన్ని సృష్టికి రుజువుగా వాడుకోవడం ఇష్టపడలేదు.

శబ్దం స్పష్టంగా ఉంది, నేల పొరల చిత్రాలు ఎంతో ఉపయోగపడ్డాయి. ఉపశీర్షికల్లో వ్యక్తుల పేర్లు తరచుగా తప్పుగా పడ్డాయి. పరీక్షలు వాదనల కంటె సంవత్సరాలనే ఎక్కువగా అడుగుతాయి, వాటిని వదిలేసినా నష్టం లేదు. బైబిలు అధ్యయన బృందం నడిపేవారు, విజ్ఞానశాస్త్రం బోధించే విశ్వాసులు, నమ్మకం లేకపోయినా ఈ చరిత్రను న్యాయంగా తెలుసుకోదలచినవారు దీనికి డబ్బు వెచ్చించవచ్చు. చేరేవారు మొదటి పాఠానికి ముందు ఆదికాండం మొదటి రెండు అధ్యాయాలను చదివి, ఏ దినాన ఏది కలిగిందో ఒక కాగితం మీద రాసుకుని దగ్గర పెట్టుకోవాలి. బబులోను గాథ అనువాదాన్ని విడిగా సంపాదించి, కాల్విన్ పాఠానికి వెళ్లేలోపు చదవడం మంచిది.