గురువారం ఫోల్డర్: క్లాసికల్ స్కూల్లో మా అమ్మాయి ఏడేళ్ల చదువు

మా అమ్మాయి డల్లాస్ దగ్గర ఒక క్లాసికల్ చార్టర్ స్కూల్లో 2018 ఆగస్టులో ఫస్ట్ గ్రేడ్‌లో చేరింది. 2025 మే నెలాఖరుకి సెవెన్త్ గ్రేడ్ పూర్తి చేసింది. ఏటా స్కూల్ సీట్ల లాటరీకి ఫారాలు నింపే రోజుల్లో గుళ్లోనో, పుట్టినరోజు ఫంక్షన్లోనో ఎవరో ఒకరు "మీ పాప స్కూల్ ఎలా ఉంది?" అని అడుగుతారు. నిలబడి రెండు ముక్కల్లో చెప్పే సంగతి కాదది. అందుకే తీరిగ్గా కూర్చుని రాస్తున్నాను.

క్లాసికల్ స్కూల్ అంటే సంగీతం, నాట్యం నేర్పే బడి అనుకునేవాళ్లు ఇంకా ఉన్నారు. ఇది పాత గ్రీకు, రోమన్ చదువుల పద్ధతిలో నడిచే మామూలు బడి. ముందు వ్యాకరణం, తర్వాత తర్కం, ఆ తర్వాత వక్తృత్వం అని మూడు మెట్లు. డొరొతీ సేయర్స్ అనే ఇంగ్లిష్ రచయిత్రి 1947లో ఆక్స్‌ఫర్డ్‌లో ఇచ్చిన ఉపన్యాసం ఈ మూడు మెట్లను పిల్లల వయసుకి ముడిపెట్టింది. చిన్నపిల్లలకి బట్టీ పట్టడం సరదా, కాస్త ఎదిగాక ఎదురు వాదించడం సరదా, ఇంకా పెద్దయ్యాక తమ మాట తాము చెప్పుకోవడం సరదా. కాబట్టి ఏ వయసులో ఏది ఇష్టమో దాంతోనే చదువు చెప్పాలన్నది ఆవిడ వాదన. అమెరికాలో ఇప్పుడున్న క్లాసికల్ బడుల వెనకున్న ఆలోచన చాలావరకు ఇదే.

మనవాళ్లు ఎక్కువగా అడిగేది ఫీజు గురించి, మతం గురించి. టెక్సస్‌లో చార్టర్ స్కూళ్లు ప్రభుత్వ డబ్బుతో నడిచే పబ్లిక్ స్కూళ్లే. ఫీజు లేదు, సీట్లకంటే దరఖాస్తులు ఎక్కువైతే లాటరీ తీస్తారు, బైబిల్ క్లాసు ఉండదు. క్రిస్టియన్ క్లాసికల్ స్కూళ్లు వేరు. అవి ప్రైవేటువి, ఫీజులుంటాయి, మతబోధ చదువులో భాగం. పేర్లు ఒకేలా ఉంటాయి కాబట్టి దరఖాస్తు పెట్టేముందు ఏది ఏదో చూసుకోండి.

ఇక అసలు సంగతి, వారం ఎలా గడుస్తుందన్నది.

చిన్న తరగతుల్లో సోమవారం స్పెల్లింగ్ డిక్టేషన్‌తో మొదలవుతుంది. మా స్కూల్లో వాడేది రోమాల్డా స్పాల్డింగ్ 1957లో పుస్తకంగా తెచ్చిన పద్ధతి. ఇంగ్లిష్ శబ్దాలని రాసే అక్షరాలు, అక్షరాల జట్లు కలిపి 70, వీటినే ఫోనోగ్రాములంటారు. వాటిని కార్డుల మీద చూపిస్తూ రోజూ పలికిస్తారు. మన అక్షరమాల 56 అనుకుంటే, ఇది ఇంకో 14 ఎక్కువ. చేరిన మొదటి నెలలో ఒక రోజు క్లాసు వెనకాల కూర్చునే అవకాశం ఇచ్చారు. టీచర్ "త్రూ" అని ఒక మాట చెప్పి, దాన్ని ఒక వాక్యంలో వాడి, మూడు వేళ్లు ఎత్తింది. టి హెచ్ ఒక వేలు, ఆర్ ఒక వేలు, ఓ యు జి హెచ్ నాలుగూ కలిపి ఒక వేలు. పిల్లలు శబ్దం శబ్దం పలుకుతూ రాశారు. రాసి, టి హెచ్ కింద ఒక గీత, ఓ యు జి హెచ్ కింద ఒక గీత గీసి, దాని నెత్తిన 2 అని చిన్న అంకె వేశారు. ఆ నాలుగక్షరాల జట్టుకి ఆరు శబ్దాలున్నాయి, ఇక్కడ పలికేది రెండోది, అందుకని 2. ఆరేళ్ల పిల్లలు! ఇరవై ఏళ్లుగా ఇంగ్లిష్‌లో ఉద్యోగం చేస్తున్నాను, ఆ మాటని అలా ఎందుకు పలుకుతామో నాకెవరూ ఎప్పుడూ చెప్పలేదు. చూసింది చూసినట్టు బట్టీ పట్టాను, అంతే. తెలుగులో గుణింతం వచ్చాక ఏ మాటైనా చదివేస్తాం కదా, ఇంగ్లిష్‌లో అలాంటి ధైర్యం వీళ్లకి ఈ గుర్తుల వల్ల వచ్చింది. థర్డ్ గ్రేడ్ అయ్యేసరికి మా అమ్మాయి కొత్త మాట కనిపిస్తే ఆగిపోవడం మానేసింది.

మంగళ, బుధవారాలు మామూలే. లెక్కల షీటు, ఇరవై నిమిషాల చదువు, నెలకొక పద్యం బట్టీ. గురువారం ఫోల్డర్ వస్తుంది. వారంలో దిద్దిన కాగితాలన్నీ అందులో పెట్టి పంపుతారు. మనం ప్రతి కాగితం చూసి, సంతకం పెట్టి, శుక్రవారం పొద్దున తిరిగి పంపాలి. శుక్రవారం పరీక్షలు. యాప్ ఉంది గానీ మార్కులు ఎక్కించడానికే. చిన్న తరగతుల్లో పిల్లల ముందు టాబ్లెట్ పెట్టరు, చేతిరాత కూడా కలిపిరాతే. గురువారం రాత్రి డిన్నర్ అయ్యాక బల్ల మీద ఆ కాగితాలు పరుచుకుని కూర్చోవడం మా ఇంట్లో ఆనవాయితీ అయిపోయింది. ఎర్ర ఇంకుతో "వాక్యం పూర్తి చెయ్యి" అని ఎన్నిసార్లు చూశామో. సోషల్ స్టడీస్‌లో ఒక్క మాట జవాబు రాస్తే సగం మార్కులే. ఇప్పుడు మా అమ్మాయి ఫోన్ మెసేజ్ కూడా పూర్తి వాక్యంలో పెడుతుంది.

లెక్కల దగ్గర మొదట్లో ఇంట్లో గొడవలయ్యాయి. సింగపూర్ పద్ధతి. ఒక రోజు లెక్క ఇలా ఉంది: ఇద్దరి దగ్గర కలిపి 48 గోళీలు, ఒకరి దగ్గర రెండోవారికి మూడు రెట్లు, ఎవరి దగ్గర ఎన్ని? మావారు "ఎక్స్ అనుకో అమ్మలూ" అని మొదలుపెట్టారు. "ఎక్స్ వద్దు నాన్నా, బార్ గీయాలి" అని అది ఏడుపు మొహం పెట్టింది. ఒక గడి గీసి, దాని కింద మూడు గడులు గీసింది. నాలుగు గడులు 48, ఒక గడి 12, కాబట్టి 12, 36. ఎక్స్ పేరెత్తకుండా బీజగణితం చేసేసింది. ఆ తర్వాత ఆయన ఎక్స్ మాట ఎత్తలేదు. కానీ ఎక్కాలు ఇంట్లోనే నేర్పుకోవాల్సి వచ్చింది. క్లాసులో అర్థం చేసుకోవడం మీద పెట్టినంత శ్రద్ధ వేగం మీద పెట్టలేదు.

లాటిన్ ఫోర్త్ గ్రేడ్‌లో మొదలైంది. చచ్చిపోయిన భాష ఎందుకని నాకూ అనిపించింది. కానీ తెలుగు ఇళ్ల నుంచి వచ్చే పిల్లలకి దీనంత దగ్గరి సబ్జెక్టు ఆ బడిలో ఇంకోటి లేదని ఇవాళ గట్టిగా చెప్పగలను.

ఒక శనివారం పొద్దున అది హోంవర్క్ చేస్తూ "అ, ఐ, ఐ, అమ్, ఆ" అని రాగం తీస్తోంది. వీడియో కాల్‌లో మా నాన్నగారు ఉన్నారు, తెనాలి నుంచి. "ఏంట్రా తల్లీ అది, వేదం చదువుతున్నావా?" అన్నారు. విభక్తి ప్రత్యయాలు తాతయ్యా అని నేను సాయం చెప్పాను. అంతే, ఆయన ఫోను గోడకి ఆనించి, నిటారుగా కూర్చుని, "డు ము వు లు ప్రథమా విభక్తి, నిన్ నున్ లన్ కూర్చి గురించి ద్వితీయా విభక్తి" అని ఎనిమిదీ ఊపిరి తిప్పుకోకుండా చదివేశారు. అది నోరు తెరుచుకుని చూసింది. "తాతయ్యకి ఎనిమిది ఉన్నాయా? మాకు ఐదే!"

ఆ రోజు దాని హోంవర్క్‌లో ఒక వాక్యం ఉంది: "నౌతా అగ్రికోలమ్ వోకత్." నావికుడు రైతును పిలుస్తాడు. కింద అడిగిన ప్రశ్న, మాటలు అటూ ఇటూ మార్చి "అగ్రికోలమ్ నౌతా వోకత్" అంటే అర్థం మారుతుందా అని. ఇంగ్లిష్‌లో ఆలోచిస్తే కష్టం. ఆ భాషలో ముందున్నవాడే పిలిచేవాడు. "తెలుగులో చెప్పు" అన్నాను. "రైతును నావికుడు పిలుస్తాడు" అంది. మారిందా? లేదు. ఎందుకు మారలేదు? కాసేపు ఆలోచించి, "ను ఉంది కదా" అంది. చివర ఉన్న "మ్" మీద పెన్సిల్‌తో సున్నా చుట్టి పక్కన "ను" అని తెలుగులో రాసుకుంది. క్రియ చివర రావడం, క్రియలోనే నేను, నువ్వు, వాడు ఇమిడిపోవడం, ఇవన్నీ దానికి పుట్టింటి వస్తువుల్లా దొరికాయి. "అమో" అని ఒక్క మాట అంటే "ప్రేమిస్తాను". "నేను" అని విడిగా చెప్పక్కర్లేదు, మనకీ అంతే. ఇంట్లో తెలుగు మాట్లాడితే పిల్లలు వెనకబడిపోతారని భయపడే తల్లిదండ్రులకి నేను ఈ ఒక్క సంగతి మాత్రం ప్రతిసారీ చెబుతాను.

చరిత్ర ఒక వరుసలో నడుస్తుంది. ఫస్ట్ గ్రేడ్‌లో మెసొపొటేమియా, ఈజిప్టు, సెకండ్‌లో ప్రాచీన భారతదేశం, చైనా, గ్రీసు, థర్డ్‌లో రోము. సెకండ్ గ్రేడ్‌లో సింధు నది, హిమాలయాలు, బుద్ధుడు, అశోకుడు వచ్చినప్పుడు నా ఆనందం అంతా ఇంతా కాదు. మ్యాపు మీద "మన కృష్ణా నది ఎక్కడ?" అని అడిగితే, చోటు చూపించి నేనే గీయించాను. కానీ అశోకుడి తర్వాత మన దేశం మళ్లీ కనపడలేదు. ఐదేళ్లు గడిచాయి, కనపడలేదు. గ్రీసు, రోము మాత్రం మళ్లీ మళ్లీ లోతుగా వస్తూనే ఉన్నాయి. ఈ లోటు నిజమైనది, దాన్ని ఇంట్లో మనమే పూడ్చుకోవాలి.

ఇబ్బందులు ఇంకా ఉన్నాయి. మా స్కూలుకి బస్సు లేదు. ఏడేళ్లుగా మధ్యాహ్నం కారు లైన్లో నలభై నిమిషాలు కూర్చుంటున్నాను, మీటింగులు అక్కడి నుంచే. ఫోర్త్ గ్రేడ్‌లో హోంవర్క్ ఒక్కసారిగా గంటన్నరకి పెరిగింది, ఆ ఏడాది డాన్సు క్లాసు మాన్పించాం. సెవెన్త్‌కి వచ్చేసరికి రోజుకి రెండు గంటలైంది. టీచర్లు నిలకడగా ఉండరు. ఒకే ఏడాదిలో లెక్కలకి ముగ్గురు మారారు, ఆ ఏడాది లెక్కలు ఇంట్లోనే చెప్పుకున్నాం. ఇంకోటి, కంప్యూటర్ ముట్టుకోనివ్వని పద్ధతికి మూల్యం ఫిఫ్త్ గ్రేడ్‌లో తెలిసింది. టెక్సస్ వాళ్లు పబ్లిక్ స్కూల్ పిల్లలకి ఏటా పెట్టే స్టార్ పరీక్ష 2022-23 నుంచి పూర్తిగా కంప్యూటర్ మీదకి మారింది, వ్యాసాలు కూడా టైప్ చెయ్యాలి. చార్టర్ పిల్లలకీ అదే పరీక్ష. చేత్తో అయితే రెండు పేజీలు అలవోకగా రాసే పిల్ల, కీబోర్డు ముందు ఒక్కొక్క అక్షరం వెతుక్కుంటూ టెన్షన్ పడిపోయింది. స్కూలు వాళ్లు ఫిబ్రవరిలో గానీ ప్రాక్టీసు మొదలుపెట్టలేదు. అది నాకు ఇప్పటికీ కోపమే.

పెద్ద తరగతులకి వచ్చాక వారం రూపు మారింది. ఫోల్డర్ పోయి సెమినార్ వచ్చింది. అందరూ గుండ్రంగా కూర్చుని ఒక పుస్తకం మీద మాట్లాడుకోవడం. టీచర్ ఒక ప్రశ్న వేసి ఊరుకుంటారు. దానికి ముందు రోజు హోంవర్క్: పుస్తకంలో మూడు చోట్ల గుర్తు పెట్టి, రెండు ప్రశ్నలు రాసుకు రావాలి. ఈ ఏడాది చదివింది గ్రీకు కవి హోమర్ కావ్యం ఒడిస్సీ. అందులో ఇరవై ఏళ్ల తర్వాత ఇంటికొచ్చిన భర్త ఒడిస్యూస్‌ని భార్య పెనెలోపి వెంటనే నమ్మదు. మంచం బయటికి జరపమని దాసికి చెప్పి పరీక్షిస్తుంది. బతికున్న ఆలివ్ చెట్టుని ఒక కోడుగా చేసి కట్టిన మంచం అది, కదలదు. ఆ సంగతి పరాయి మగవాడెవడికీ తెలియదు. మా అమ్మాయి చెయ్యెత్తి, సీతమ్మ కూడా హనుమంతుణ్ణి చూసి రావణుడి మాయేమో అనుకుందని, ఉంగరం చూశాకే నమ్మిందని చెప్పబోయింది. మన ముందున్న పుస్తకంలో ఉన్నదాని గురించే మాట్లాడాలని టీచర్ ఆపేశారు. సెమినార్ నియమం అదే, ఆ నియమం మంచిదని నేను కూడా ఒప్పుకుంటాను, లేకపోతే చర్చ ఎటో పోతుంది. కానీ పిల్ల ఆ రోజు అన్నం సరిగ్గా తినలేదు.

పేరెంట్ మీటింగ్‌లో మెల్లగా అడిగాను. ఆవిడ నొచ్చుకోలేదు. పిల్లలు నచ్చిన వాక్యాలు ఎత్తి రాసుకునే నోట్‌బుక్ ఒకటి ఉంటుంది, అది మార్కులకి రాదు. అందులో రాయమనండి, నేను చదువుతాను అన్నారు. రాసింది. ఎడమ పేజీలో మంచం ఘట్టం ఇంగ్లిష్‌లో, కలిపిరాతలో. కుడి పేజీలో ఉంగరం ఘట్టం, వంకరటింకర తెలుగు అక్షరాల్లో ఐదు లైన్లు, కింద ఇంగ్లిష్ అర్థం. టీచర్ పక్కన పెన్సిల్‌తో ఒక ప్రశ్న రాశారు: ఉంగరం ఎవరైనా దొంగిలించవచ్చు, మంచం రహస్యం దొంగిలించగలరా? దానికి జవాబు రాయడానికి మా అమ్మాయి ఒక ఆదివారమంతా తాతయ్యతో ఫోన్లో కూర్చుంది. ఉంగరంతో పాటు హనుమంతుడు రాముడి గుర్తులు కూడా వర్ణించి చెప్పాడని ఆయన అందించారు. దాంతో ఇంకో రెండు పేజీలు నిండాయి.

మావాడు వచ్చే ఆగస్టులో అదే స్కూల్లో ఫస్ట్ గ్రేడ్‌లో చేరుతున్నాడు. అక్క ఉంది కాబట్టి లాటరీలో ముందు వరుస దొరికింది. వాడికి ఈ వేసవిలోనే ఎక్కాలు మొదలుపెట్టాం. థర్డ్ గ్రేడ్‌కి వచ్చేలోపు టైపింగ్ కూడా మేమే నేర్పిస్తాం.